నర్సుగా చేరాలా, వద్దా? ఫ్లారెన్స్‌నూ వెంటాడిన సందేహమే!

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. ఇంటర్న్‌షిప్ అయిపోయింది. పట్టా చేతికొచ్చింది. ఇక ఉద్యోగంలో చేరడమే తరువాయి. సరిగ్గా ఇప్పుడే మనసు వెనక్కి లాగుతోందా?

మీది చౌటుప్పల్ అనుకుందాం. హైవే మీద బస్సెక్కితే హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఆస్పత్రులున్నాయి. అటు నల్లగొండ, ఇటు భువనగిరి, బీబీనగర్ ఉన్నాయి. కాబట్టి ఉద్యోగం దొరుకుతుందా అన్నది ఒక్కటే కాదు మీ బెంగ. నైట్ డ్యూటీ అంటే ఇంట్లో ఒప్పుకొంటారా? పెళ్లి సంబంధాల దగ్గర ఎవరైనా మాట అంటారా? ఐసీయూలో మొదటి రోజు చెయ్యి వణికితే ఎలా? ఇంత చదివింది డాక్టర్ చెప్పినట్టు చేసుకుపోవడానికేనా? పగలంతా ఇవే ప్రశ్నలు. రాత్రి పడుకున్నా ఇవే.

ఇవన్నీ మీకంటే ముందు ఒకామె పడింది. ఆమె బొమ్మ మీ కాలేజీ గోడ మీద ఉండే ఉంటుంది. చేతిలో దీపం, తల మీద తెల్లటి టోపీ. దీపాలు వెలిగించే రోజున మీరంతా ఆమె పేరు మీదే ప్రతిజ్ఞ చేసి ఉంటారు. నిజానికి ఆ ప్రతిజ్ఞ ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో వేరేవాళ్లు రాసి, గౌరవంగా ఆమె పేరు పెట్టారు. బొమ్మ వెనక ఉన్న అసలు మనిషి గురించి మనకు తెలిసింది అంత తక్కువ. ఆ మనిషి తొలి ఉద్యోగంలో చేరడానికి పదహారేళ్లు పట్టింది. ఆ కథ మీరూ, మీ అమ్మానాన్నలూ కలిసి చదవాల్సింది.

ఇంట్లో ససేమిరా అన్నారు

ఫ్లారెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తండ్రి విలియం, తల్లి ఫ్యానీ, ఏడాది పెద్దదైన అక్క పార్థినోపి. ఇంగ్లండ్‌లో వాళ్లకు రెండు పెద్ద బంగళాలు. బోలెడు మంది నౌకర్లు. తండ్రి కూతుళ్లిద్దరికీ ఇంట్లోనే గ్రీకు, లాటిన్, చరిత్ర చెప్పాడు. చిన్నదానికి లెక్కలంటే ప్రాణం. లెక్కలెందుకు, మంచి సంబంధం చూసి పెళ్లి చేస్తే చాలు కదా అన్నది తల్లి బెంగ.

పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఫ్లారెన్స్‌కు గట్టిగా అనిపించింది. ఏ సేవో మాత్రం తెలియలేదు. కొన్నేళ్లకు అది రోగుల దగ్గర ఉండే పని అని తేల్చుకుంది. 1845లో, పాతికేళ్ల వయసులో, నోరు తెరిచి ఇంట్లో అడిగింది. సాలిస్‌బరీ ఆస్పత్రిలో కొన్ని నెలలు ఉండి పని నేర్చుకుంటానంది.

ఇల్లు ఇల్లంతా గొల్లుమంది. తల్లి కంటతడి పెట్టింది. అక్కకు మూర్ఛ వచ్చినంత పనైంది. వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో నర్సు అంటే చదువు, శిక్షణ లేని మనిషి. తాగి డ్యూటీకి వస్తారని, నడవడి బాగుండదని చెడ్డపేరు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆ రోజుల్లోనే అలాంటి తాగుబోతు నర్సును తన నవలలో పాత్రగా పెట్టి నవ్వించాడు. ఆస్పత్రులు కూడా ఇప్పటివి కావు. కంపు, మురికి, ఒకరి పక్కన ఒకరుగా కుక్కిన రోగులు. డబ్బున్నవాళ్లు ఇంటికే డాక్టర్‌ను పిలిపించుకునేవారు. గతిలేనివాళ్లే ఆస్పత్రికి పోయేవారు.

మీ ఇంట్లో ఎవరైనా నర్సు ఉద్యోగానికి వంక పెడితే, ఆ మాట వెనక ఇలాంటి పాత భయమే ఉంటుంది. పని మారింది, చదువు మారింది. పాత పేరు మాత్రం జనం నోళ్లలో ఇంకా మిగిలింది. కోపం తెచ్చుకునే ముందు ఈ తేడా వాళ్లకు చెప్పి చూడండి.

తెల్లవారుజామున చదువు

ఫ్లారెన్స్ ఇల్లు వదిలి పారిపోలేదు. అలాగని ఊరుకోనూ లేదు. అందరూ లేవకముందే తెల్లవారుజామున లేచి, దీపం వెలుగులో ఆస్పత్రుల నివేదికలు, ప్రజారోగ్యం మీద ప్రభుత్వం వేసిన పుస్తకాలు చదివేది. నోట్సు రాసుకునేది. పొద్దున టిఫిను వేళకు మామూలుగా కిందికి దిగి, అందరితో కూర్చునేది. ఇలా కొన్నేళ్లు గడిచాయి.

ఈలోగా ఒక సంబంధం వచ్చింది. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ చదువుకున్నవాడు, కవి, పార్లమెంటు సభ్యుడు, మంచివాడు. ఆమెకూ అతనంటే ఇష్టమే. ఏళ్ల తరబడి ఆలోచించి, 1849లో కాదంది. ఆ ఇంటి కోడలిగా విందులు, చుట్టాల మర్యాదల మధ్య తన పని ఎప్పటికీ మొదలుకాదని ఆమెకు అర్థమైంది. ఆ నిర్ణయం తేలిగ్గా తీసుకోలేదు. తర్వాత చాలాకాలం బాధపడింది కూడా.

మీరు పెళ్లి వద్దనుకోవాలని కాదు దీని అర్థం. ఆమె కాలంలో రెండూ కుదిరేవి కావు. ఇప్పుడు మన చుట్టూ పెళ్లయి, పిల్లల్ని పెంచుకుంటూ హెడ్ నర్సులైనవాళ్లు ఎందరో. అయితే ఆమె చేసిన ఒక పని మాత్రం మీకూ పనికొస్తుంది. పెళ్లి తర్వాత తన పని సాగుతుందా లేదా అన్నది ముందే తేల్చుకుంది. సంబంధం మాట్లాడేటప్పుడే షిఫ్టుల సంగతి దాచకుండా చెప్పండి. ఒప్పుకొన్నవాళ్లతోనే మాట ముందుకు సాగనివ్వండి.

మూడు నెలల్లో తేలిపోయింది

1851లో ఆమెకు ముప్పై ఒక్కేళ్లు. జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊరు. అక్కడ ఫ్లీడ్నర్ అనే పాస్టర్ నడిపే ఆస్పత్రి, అనాథ శరణాలయం ఉన్నాయి. అమ్మాయిలకు అక్కడ రోగుల సేవ నేర్పేవారు. చివరికి ఇంట్లో ఒప్పుకున్నారు. అయితే ఈ సంగతి చుట్టుపక్కాలకు తెలియకూడదన్నారు. తల్లీ, అక్కా ఆరోగ్యం కోసమంటూ వేరే ఊళ్లో స్నానాలకు వెళ్లారు. ఆమె మూడు నెలలపాటు కైజర్స్‌వెర్త్‌లో ఉంది.

తెల్లవారకముందే లేవడం, సాదా తిండి, రోజంతా వార్డులో పని. మందులు అందించింది, పుండ్లు కడిగింది, ఆపరేషన్ల దగ్గర నిలబడింది, చనిపోతున్నవారి పక్కన కూర్చుంది. అక్కడి శుభ్రత ఏమంత గొప్పగా లేదని ఆ తర్వాత తనే చెప్పింది. కానీ ఆ మూడు నెలల్లో ఒకటి తేలిపోయింది. ఈ పని తన వల్ల అవుతుంది. పదిహేనేళ్లు ఆలోచించినా తేలని విషయం పనిలోకి దిగాక తేలింది.

చెయ్యి వణుకుతుందేమో అన్న మీ భయానికి ఇదే జవాబు. ఇంటర్న్‌షిప్‌లో సీనియర్ పక్కన ఉండగా చేసిన పనిని ఒంటరిగా చేయాలంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అది మీరు పనికిరారన్న గుర్తు కాదు. మొదటి మూడు నెలల్లో మీతో ఒక సీనియర్‌ను ఉంచే ఆస్పత్రిని వెతుక్కోండి. ఇంటర్వ్యూలో ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు. చేరిన రోజే పదిమంది రోగులను ఒంటరిగా అప్పజెప్పే చోట రెండు వేలు ఎక్కువ జీతమిచ్చినా, కొత్తవాళ్లకు అది మంచి చోటు కాదు.

1853 ఆగస్టులో ఆమె లండన్‌లోని హార్లీ స్ట్రీట్‌లో, జబ్బుపడిన మహిళల కోసం నడిపే ఒక చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్‌గా చేరింది. అదే తొలి ఉద్యోగం. జీతం లేదు. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇస్తానని ఒప్పుకున్నాడు కాబట్టి గడిచింది. చేరగానే ఆమె చేసిన పనులు చూడండి. ప్రతి అంతస్తుకూ వేడినీళ్ల గొట్టం. భోజనం పైకి పంపడానికి చిన్న లిఫ్టు. రోగి పిలిస్తే వినపడేలా గంట. నర్సు మెట్లెక్కి దిగడం తగ్గితే, ఆ సమయం రోగికి దక్కుతుందని ఆమె లెక్క.

యుద్ధం మధ్యలో

మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధం. టర్కీలో ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న స్కుటారి సైనిక ఆస్పత్రిలో గాయపడ్డ సైనికులు దిక్కులేక చచ్చిపోతున్నారని పత్రికల్లో వచ్చింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు స్నేహితుడు. 38 మంది నర్సులతో ఆమె బయల్దేరింది. అందులో క్రైస్తవ సన్యాసినులున్నారు, జీతానికి చేసే మామూలు ఆస్పత్రి నర్సులూ ఉన్నారు. 1854 నవంబరు 4న స్కుటారి చేరారు.

డాక్టర్లు వాళ్లను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆడవాళ్లు ఇక్కడేం చేస్తారన్నారు. ఆమె గొడవపడలేదు. పిలిచేదాకా కట్లు కుడుతూ, పరుపులు నింపుతూ కూర్చోమని తన వాళ్లకు చెప్పింది. రోజుల్లోనే కొత్త యుద్ధం నుంచి వందల మంది గాయపడినవాళ్లు వచ్చిపడ్డారు. డాక్టర్లే వచ్చి పిలిచారు. ఆ తర్వాత బ్రష్షులు, తువాళ్లు, చొక్కాలు కొనిపించింది, బట్టలు ఉతికే ఏర్పాటు చేసింది, వంట బాగుచేయించింది. చావు అంచున ఉన్న సైనికుల తరఫున ఇంటికి ఉత్తరాలు రాసింది.

దీపం కథ కూడా అక్కడిదే. బొమ్మల్లో చూపించే నూనె దీపం కాదది. టర్కీ వాళ్లు వాడే, మడతలు పడే లాంతరు. రాత్రి ఎనిమిది దాటాక మిగతా నర్సులు వార్డుల్లోకి వెళ్లకూడదని ఆమె నియమం పెట్టింది. తనే ఒంటరిగా వరండాల వెంట తిరిగేది. వందల మంది మగవాళ్లున్న చోట తన కింద పనిచేసే ఆడవాళ్ల భద్రత తన బాధ్యత అనుకుంది. ఇప్పుడు రాత్రి డ్యూటీ తప్పదు. కానీ ఆ బాధ్యత మాత్రం ఇప్పటికీ యాజమాన్యానిదే. రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి వాహనం ఉందా, వార్డు దగ్గర సెక్యూరిటీ ఉంటారా, నర్సులకు తాళం వేసుకునే గది ఉందా? మీ నాన్నగారు అడగాల్సిన ప్రశ్నలు ఇవీ. నైట్ డ్యూటీ వద్దనడం కన్నా ఇవి అడగడం మేలు.

లెక్కలు చెప్పిన నిజం

ఇక్కడివరకూ మీకు తెలిసిన కథే. తెలియాల్సింది ఇప్పుడు మొదలవుతుంది. ఆమె వచ్చాక కూడా స్కుటారిలో చావులు తగ్గలేదు. పెరిగాయి! ఆ చలికాలంలో నాలుగు వేల మందికి పైగా సైనికులు చనిపోయారు. 1855 ఫిబ్రవరిలో వందలో 42 మంది చావు. ఎక్కువమంది చనిపోయింది తుపాకీ గుండ్లకు కాదు, విరేచనాలు, టైఫస్, కలరాకు.

మార్చిలో బ్రిటన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. డాక్టర్ సదర్లాండ్, ఇంజినీర్ రాలిన్సన్ అందులో ముఖ్యులు. ఆస్పత్రి కింద మురుగు కాలువలు పూడి నిండిపోయి ఉన్నాయి. చచ్చిన జంతువుల కళేబరాలు పడి ఉన్నాయి. వాళ్లు కాలువలు కడిగించారు, చెత్త బళ్లకొద్దీ ఎత్తించారు, గోడలకు సున్నం వేయించారు, కిటికీలకు గాలి వచ్చే ఏర్పాటు చేశారు. జూన్ నాటికి చావులు వందలో రెండుకు పడిపోయాయి.

యుద్ధం ముగిసి 1856లో ఇంటికి వచ్చాక ఆమె గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి ఆ లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంది. తిండి, సామాను కొరతే ముఖ్య కారణమని అప్పటిదాకా అనుకుంది. మురుగే ఎక్కువమందిని చంపిందని లెక్కలు చెప్పాయి. తాను రాత్రింబవళ్లు సేవ చేసిన చోటే చావులు అంత ఎక్కువ. ఎంత బాధ కలిగి ఉంటుందో ఊహించుకోండి. ఆమె దాన్ని దాచిపెట్టలేదు. ఏ నెలలో ఏ కారణంతో ఎందరు పోయారో రంగుల చక్రంలా గీసి, మంత్రులకు అర్థమయ్యేలా చూపింది. 1858లో బ్రిటన్ గణాంక సంఘం ఆమెను తొలి మహిళా సభ్యురాలిగా చేర్చుకుంది.

నర్సంటే డాక్టర్ మాట వినే మనిషేనా అన్న మీ ప్రశ్నకు ఇది చూడండి. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సే. చార్టులో జ్వరం, మూత్రం, పుండు రంగు రాసేది నర్సే. ఒకే వార్డులో వారంలో ముగ్గురికి కుట్ల దగ్గర చీము పట్టిందని ముందుగా కనిపెట్టగలిగేదీ మీరే. ఆ మూడింటినీ కలిపి చూసి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు చెబితే నాలుగో రోగి బతికిపోతాడు.

సేవ సరే, జీతం మాటేంటి?

యుద్ధం సమయంలో ప్రజలు ఆమె పేరు మీద నిధి పోగుచేశారు. దానితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ బడి మొదలైంది. ఏడాది శిక్షణ. నేర్చుకునే రోజుల్లోనే వసతి, భోజనం, యూనిఫాంతోపాటు కొంత సొమ్ము ఇచ్చేవారు. ఉచితంగా చేయమనలేదు. తాను జీతం తీసుకోకపోవడానికి తండ్రి ఇచ్చిన 500 పౌండ్లే కారణమని ఆమెకు తెలుసు. ఆ వెసులుబాటు అందరికీ ఉండదు.

మీ ఇంట్లో చదువు కోసం అప్పు తెచ్చి ఉండొచ్చు. జీతం అడిగితే సేవాభావం లేనట్టు చూసేవాళ్లు ఎదురవుతారు. పట్టించుకోకండి. జీతం ఎంత, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, రోజుకెన్ని గంటలు, వారానికి సెలవు ఎప్పుడు అని రాతపూర్వకంగా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. విదేశాలకు వెళ్లాలనుంటే దళారుల మాట నమ్మకుండా, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు విచారించండి.

గోదావరి నీళ్లు, నల్లగొండ నీళ్లు

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. కానీ నలభై ఏళ్లపాటు మన దేశం గురించి పనిచేసింది. క్రిమియా నుంచి వచ్చాక ఆమె ఆరోగ్యం పాడైంది. అక్కడ సోకిన జ్వరం బ్రూసెల్లోసిస్ కావొచ్చని ఈ కాలపు పరిశోధకులు అంటున్నారు. కాచని పాల ద్వారా వచ్చే జబ్బది. చాలా ఏళ్లు మంచం మీదే గడిపింది. మంచం మీద నుంచే భారతదేశంలోని సైనిక కేంద్రాలన్నిటికీ ప్రశ్నపత్రాలు పంపించింది. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతోంది అని అడిగింది. అప్పట్లో ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోయేవారు. కొన్నేళ్ల మార్పుల తర్వాత అది 18కి తగ్గింది.

తర్వాత ఆమె చూపు సైనికులను దాటి పల్లెల మీదికి మళ్లింది. 1876-78 నాటి ధాత కరువులో లక్షల మంది చనిపోతే, సాగునీరు ఇవ్వకుండా జనాన్ని కాపాడలేరని ప్రభుత్వంతో వాదించింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపింది. గోదావరి డెల్టాను ఉదాహరణగా చూపింది. ఒక నర్సు ఆనకట్టల గురించి మాట్లాడటం చాలామందికి వింతగా తోచింది. ఆమెకు అది నర్సింగే.

చౌటుప్పల్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ నేల కింది నీళ్లలో ఫ్లోరైడ్ ఏం చేసిందో మీ ఊళ్లో పెద్దవాళ్ల వంగిన నడుములు, పచ్చబడ్డ పళ్లు చెబుతాయి. వంగిన ఎముకను ఏ మందూ తిరిగి నిలబెట్టలేదు. మంచినీళ్లు ఇస్తే మాత్రం తర్వాతి తరానికి ఆ జబ్బు రాదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో నల్లగొండ టెక్నిక్ అనే పేరు. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించింది మీ చౌటుప్పల్‌లోనే. పెద్దాస్పత్రి ఐసీయూ ఒక్కటే నర్సింగ్ కాదు. పల్లె దవాఖానలో కూర్చుని, మోకాళ్ల నొప్పితో వచ్చిన ముసలమ్మను ఏ బోరు నీళ్లు తాగుతున్నావని అడగడం కూడా నర్సింగే.

ఆమె చెప్పిందల్లా వేదం కాదు

క్రిమియాకు వెళ్లాలని ఎంతో అడిగిన జమైకా మహిళ మేరీ సీకోల్‌ను అధికారులు తీసుకోలేదు. ఆమె సొంత డబ్బుతో వెళ్లి సైనికులను చూసుకుంది. చరిత్ర ఆమెను చాలాకాలం మర్చిపోయింది. నర్సింగ్ ఆడవాళ్ల పనే అని ఫ్లారెన్స్ అనుకుంది. నేడు ఎందరో అబ్బాయిలు ఈ పనిలో ఉన్నారు. పరీక్ష పెట్టి నర్సులను రిజిస్టర్ చేయడాన్ని ఆమె గట్టిగా వ్యతిరేకించింది. గుణాన్ని పరీక్ష కొలవలేదని ఆమె వాదన. 1910 ఆగస్టు 13న, తొంభయ్యేళ్ల వయసులో ఆమె చనిపోయింది. తొమ్మిదేళ్లకు బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ చట్టం రానే వచ్చింది. మీరు మాత్రం ముందుగా నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోండి. అది లేకుండా ఏ వార్డులోనూ అడుగు పెట్టకండి.

చేరే ముందు మరో రెండు జాగ్రత్తలు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. వాడిన సూది గుచ్చుకుంటే దాచొద్దు. వెంటనే సబ్బు, నీళ్లతో కడిగి, పైవాళ్లకు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, వీలుంటే రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మీ సందేహాలన్నీ రాయండి. ఇంట్లో మాట్లాడితే తీరేవి ఒక వైపు, ఆస్పత్రిని అడిగితే తేలేవి ఇంకో వైపు పెట్టండి. పనిలో దిగితే గానీ తెలియనివి చివర్న మిగులుతాయి. వాటికి మూడు నెలలు గడువు ఇవ్వండి. ఫ్లారెన్స్‌కు పదహారేళ్లు పట్టిందంటే అడ్డుపడినవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టి. మీకు చదువుంది, పట్టా ఉంది. ఇంట్లో వినే మనుషులూ ఉంటే, అంతకాలం ఆగాల్సిన పనిలేదు.